తాత ఊరు సరే, పాస్‌పోర్టు ఏది?

చీరాల: చీరాల, బాపట్ల, రేపల్లె వైపు ముస్లిం ఇళ్లల్లో విదేశాల్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు రెండు రకాలు. జిద్దాలోనో దుబాయ్‌లోనో పుట్టినవాళ్లు కొందరు, డాలస్‌లోనో లండన్‌లోనో పుట్టినవాళ్లు కొందరు. సెలవులకి నానీ ఇంటికొస్తే అందరూ ఒకే గల్లీలో బంతి తంతారు, ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటారు. కానీ వీళ్లలో ఎవడైనా నిజంగా పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడైతే, భారత జట్టు తలుపు జిద్దా వాడికి మామూలుగానే తెరుచుకుంటుంది. డాలస్ వాడు మాత్రం ముందు తన పాస్‌పోర్టు వదులుకోవాలి.

కారణం చిన్నదే. గల్ఫ్ దేశాలు మనవాళ్ల పిల్లలకి పౌరసత్వం ఇవ్వవు. అక్కడ పుట్టినా వాడు భారతీయుడిగానే ఉంటాడు. కేరళ కుటుంబానికి చెందిన సహల్ అబ్దుల్ సమద్ పుట్టింది యూఏఈలోని అల్ ఐన్‌లో. దేశం తరఫున ఆడటానికి అతనికి ఏ అడ్డూ రాలేదు. అమెరికాలో పుట్టిన పిల్లవాడికేమో పుట్టుకతోనే ఆ దేశ పౌరసత్వం వస్తుంది. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓసీఐ కార్డు తీసుకోవచ్చు గానీ, దాంతో వీసా తిప్పలు తప్పుతాయి, జెర్సీ రాదు. జాతీయ జట్లలో ఆడాలంటే భారత పాస్‌పోర్టు ఉండాల్సిందేనని కేంద్ర క్రీడా శాఖ 2008లోనే తేల్చేసింది.

తెలుగు మూలాలున్న ఒక మనిషి ప్రపంచకప్‌లో ఆడాడని మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు వికాస్ దొరాసూ. 1973లో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవు పక్కనున్న ఆర్‌ఫ్లూర్‌లో పుట్టాడు. ఇంటివాళ్లు మారిషస్ నుంచి వెళ్లిన తెలుగు సంతతి. చెరకు తోటల్లో కూలికని మన తీరం నుంచి ఓడలెక్కినవాళ్లని మారిషస్‌లో ఒకప్పుడు కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. అక్కడ ఉగాది ఇప్పటికీ ప్రభుత్వ సెలవు.

దొరాసూ లె హావ్ర్ క్లబ్బులోనే తయారయ్యాడు. తర్వాత లియాన్‌కి వెళ్లి 2003, 2004ల్లో ఫ్రెంచ్ లీగ్ టైటిళ్లు గెలిచాడు. ఏసీ మిలన్‌కి ఆడాడు. 2005 అక్టోబర్‌లో సైప్రస్‌పై 4-0తో గెలిచి ఫ్రాన్స్ ప్రపంచకప్‌కి అర్హత సాధించిన మ్యాచ్‌లో ఒక గోల్ ఆయనదే. 2006 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ కప్ ఫైనల్‌లో దూరం నుంచి కొట్టిన షాట్‌తో మార్సెయ్‌పై పీఎస్‌జీని గెలిపించాడు. అయినా ఆ వేసవి ప్రపంచకప్‌లో ఆయనకి దొరికింది రెండు మ్యాచుల్లో చివరి కొద్ది నిమిషాలే. మిగతా రోజులు బెంచీ మీద, హోటల్ గదిలో. ఆ ఒంటరితనాన్ని చిన్న సూపర్ 8 కెమెరాతో తీసుకున్నాడు. అది ‘సబ్‌స్టిట్యూట్’ అనే సినిమా అయింది. అక్టోబర్‌లో కోచ్‌తో గొడవ ముదిరి పీఎస్‌జీ ఆయన్ని తీసేసింది.

మొత్తం 18 మ్యాచులు, అన్నీ ఫ్రాన్స్‌కే. ఆయన్ని భారత్ ‘పోగొట్టుకుంది’ అని బాధపడేవాళ్లు ఒక లెక్క మర్చిపోతున్నారు. తను పుట్టని దేశానికి ఆడాలంటే ఆ దేశ పౌరసత్వం ఒక్కటే చాలదు. తల్లిదండ్రులో, తాతానానమ్మలో, అమ్మమ్మా తాతయ్యలో అక్కడ పుట్టి ఉండాలి, లేదంటే ఆటగాడు కొన్నేళ్లు అక్కడ నివసించి ఉండాలి. ఇది ఫిఫా నిబంధన. మారిషస్‌లోని భారత సంతతి ఏడో తరానికీ ఓసీఐ కార్డు ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రకటించారు. చుట్టరికానికి అది మంచిదే. మైదానంలో ఏడో తరం చుట్టరికం చెల్లదు.

అందుకే అసలు పేచీ దొరాసూ లాంటివాళ్లది కాదు, మన కళ్ల ముందున్న మొదటి తరానిది. హంజా చౌదరి సంగతి చూడండి. ఇంగ్లండ్‌లో పుట్టాడు. తల్లి బంగ్లాదేశీ, తండ్రి గ్రెనడా మూలాలున్నవాడు. లెస్టర్ సిటీతో 2021లో ఎఫ్‌ఏ కప్ గెలిచాడు. బ్రిటన్ పాస్‌పోర్టు ఉంచుకునే బంగ్లాదేశ్ పాస్‌పోర్టు తీసుకున్నాడు. 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో మనతోనే తొలి మ్యాచ్ ఆడాడు, 0-0. నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ మనల్ని 1-0తో ఓడించింది, 22 ఏళ్ల తర్వాత. మొరాకో ఇంకా ముందే ఈ దారి పట్టింది. 2022లో సెమీస్ చేరిన ఆ జట్టులో 26 మందిలో 14 మంది వేరే దేశాల్లో పుట్టినవాళ్లే. హకీమీ పుట్టింది మాడ్రిడ్‌లో.

మన దగ్గర అదే పని చేయాలంటే రయాన్ విలియమ్స్‌లా చేయాలి. తల్లి వైపు ముంబై మూలాలున్న ఈ బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వమే వదిలేశాడు. అంతకుముందు జపాన్‌లో పుట్టిన ఇజుమి అరతా కూడా అంతే. కెరీర్ చివరికొచ్చినవాడు ఆ త్యాగం చేయగలడు. 18 ఏళ్ల కుర్రాణ్ని, రేపు మోకాలు దెబ్బతింటే చదువూ ఉద్యోగమూ అన్నీ ఆ పాస్‌పోర్టు మీదే ఆధారపడ్డవాణ్ని, వదిలేయమనడం ఏం న్యాయం? ఏ అబ్బా, ఏ అమ్మీ సరేనంటారు? క్రీడాకారుల వరకైనా సడలింపు ఇవ్వాల్సిందే.

అలాగని సడలింపు ఇస్తే చాలు, జట్టు లేచి నిలబడుతుందనుకోవడమూ పొరపాటే. వచ్చేది నలుగురో ఐదుగురో. హైదరాబాద్ సిటీ పోలీస్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశాన్ని నాలుగో స్థానానికి తీసుకెళ్లినప్పుడు అజీజ్, నూర్, జుల్ఫికర్, బలరాం అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల నుంచి వచ్చినవాళ్లే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం కూడా ఆయన చేతి మీదుగా వచ్చిందే. దొరాసూని తయారు చేసింది కూడా అలాంటిదే, లె హావ్ర్‌లో ఇంటి దగ్గరున్న క్లబ్బు. చీరాల గల్లీలో సెలవులకి బంతి తన్నే ఆ ఇద్దరిలో డాలస్ వాడికి తిరిగెళ్తే అలాంటి క్లబ్బు ఉంటుంది. వాళ్లతో ఆడి ఇక్కడే ఉండిపోయే మూడోవాడికి పాస్‌పోర్టు ఒక్కటే ఉంది, భారత్‌దే. వాడికి కావాల్సింది కోచ్.