ఫెయిలైన ప్రయోగానికీ ఒక పేజీ

సైన్సు విద్యార్థులకు ప్రయోగమంటే ఒకరకమైన భయం. కారణం తెలిసిందే. జవాబు పుస్తకంలో ఉన్నట్టే రావాలి. లోలకంతో గురుత్వ త్వరణం కొలిస్తే 9.8 రావాలి. 9.2 వస్తే ఎందుకు వచ్చిందని ఆరాతీసేవాళ్ళు తక్కువ, రబ్బరుతో చెరిపి రాసేవాళ్ళు ఎక్కువ. ఇది ఏ ఒక్క కళాశాల సంగతీ కాదు, చాలాచోట్ల ఉన్న జాడ్యమే. దానివల్ల సమాజానికి ఎంత నష్టమో కంప్యూటర్ భద్రతా పరిశోధనను చూస్తే తేటతెల్లమౌతుంది.

ఆ పరిశోధనలో ప్రయోగమంటే ఒక మనిషి చేసిన తాళాన్ని మరో మనిషి పగలగొట్టి చూడటం. పగిలితే లోపం తెలిసింది. పగలకపోతే? తాళం గట్టిదని వెంటనే సంబరపడకూడదు. ఎవరు ప్రయత్నించారు, ఎంతసేపు ప్రయత్నించారు, వాళ్ళ చేతికి ఏ పనిముట్లు ఇచ్చారు? ఇవి తెలియకుండా ఆ ఓటమికి అర్థమే లేదు.

దీనికి ఉదాహరణ మన ఓటింగ్ యంత్రమే. ఈ యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్., రెండోది బెంగళూరులోని బి.ఇ.ఎల్. వాటిని పరీక్షించడానికి పూనుకున్న వేమూరి హరిప్రసాద్ కూడా హైదరాబాద్ ఇంజినీరే. 2009లో ఎన్నికల సంఘం, లోపముంటే చేసి చూపండని విమర్శకులను పిలిచింది. ఎవరూ చూపలేకపోయారని ఆ తర్వాత ప్రకటించింది. యంత్రాన్ని పూర్తిగా పరిశీలించనివ్వకుండా తమను ఆపేశారని హరిప్రసాద్ బృందం అన్నది. ఎవరి మాట ఎలా ఉన్నా, అటువంటి పరీక్షతో యంత్రం మంచిదనీ తేలలేదు, చెడ్డదనీ తేలలేదు.

2010లో అజ్ఞాత వ్యక్తి ఒకరు ఇచ్చిన యంత్రం ఆ బృందం చేతికొచ్చింది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి అలెక్స్ హాల్డర్‌మన్, హాలెండు నుంచి రాప్ గాంగ్రైప్ తోడయ్యారు. యంత్రం విప్పి రెండు పద్ధతులు చూపించారు. ఒకటి, ఫలితం చూపే బోర్డు తీసేసి, అచ్చం అలాగే ఉండి తప్పు అంకెలు చూపే బోర్డు పెట్టడం. రెండోది, ఓట్లు దాచే చిప్‌కు చిన్న పరికరం తగిలించి, పోలింగుకూ లెక్కింపుకూ మధ్య ఓట్లు మార్చడం. ఈ ప్రయోగం సఫలమైంది.

ఆ సంవత్సరం ఆగస్టులోనే, యంత్రం దొంగిలించిందనే కేసులో హరిప్రసాద్‌ను హైదరాబాద్‌లో అరెస్టు చేసి ముంబై తీసుకెళ్ళారు. వారం తర్వాత బెయిలు వచ్చింది. అక్టోబరులో ఆ పరిశోధన పత్రం చికాగోలో జరిగిన కంప్యూటర్ భద్రతా సదస్సులో వెలువడింది.

ఈ సఫల ప్రయోగానికీ హద్దులున్నాయని మనం మరువరాదు. ఫలానా ఎన్నికలో మోసం జరిగిందని అది చెప్పలేదు. యంత్రం ఎవరి చేతికైనా చిక్కితే ఏం చెయ్యొచ్చో మాత్రమే చెప్పింది. యంత్రాలకు సీళ్ళు, కాపలా ఉంటాయి కాబట్టి ఆ అవకాశం రాదని ఎన్నికల సంఘం వాదన. ఆ వాదన నిలుస్తుందో లేదో తేలాలంటే దాన్నీ పరీక్షకు పెట్టాలి. అరెస్టు వల్ల యంత్రం ఇసుమంత కూడా గట్టిపడదు.

విమర్శలు, కోర్టు కేసులు సాగగా, ఓటు కాగితం మీద కనిపించే ఏర్పాటు అవసరమని 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇవాళ ఓటు వేశాక ఏడు సెకన్లు అద్దం వెనక చీటీ కనిపిస్తుంది. ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు కేంద్రాల చీటీలు లెక్కించాలని 2019లో అదే కోర్టు ఆదేశించింది. చీటీలన్నీ లెక్కపెట్టాలన్న కోరికను 2024లో తోసిపుచ్చింది. దీనిమీద భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. అయితే చర్ల మండలంలో అడవి దారిన నడిచి పోలింగు కేంద్రానికి వచ్చే కోయ రైతుకు, తన ఓటు ఎక్కడ పడిందో కంటితో చూసే వీలు చిక్కిందంటే, ప్రశ్నించేవాళ్ళు ఊరుకోకపోవడం వల్లనే.

ప్రశ్నను ఆహ్వానించే పద్ధతి ఒకటుంది. 1997లో అమెరికా ప్రమాణాల సంస్థ కొత్త రహస్య లిపి కావాలని బహిరంగ పోటీ పెట్టింది. పోటీకి నిలిచిన 15 పద్ధతులనూ అందరి ముందూ పెట్టి, పగలగొట్టండని పండితులను పిలిచింది. పగిలినవీ పగలనివీ అన్నీ అచ్చయ్యాయి. 2000లో ఎంపికైన పద్ధతి బెల్జియం వాళ్ళది. నేడు ప్రపంచం దాన్ని నమ్ముతున్నదంటే, దాన్ని పగలగొట్టబోయి విఫలమైన ప్రయత్నాలన్నీ రికార్డులో ఉన్నాయి కనుకనే.

ఈ నీతి మన రైతులకు కొత్త కాదు. 2021-22లో తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసినప్పుడు చర్ల వైపు రైతులు నోరు మూసుకోలేదు. "ఆ మందు మూడుసార్లు కొట్టినా పోలేదు బావా, నువ్వు డబ్బులు తగలేసుకోకు" అని గట్టు మీద నిలబడి చెప్పుకున్నారు. ఏ మందు, ఎన్నిసార్లు, ఏ దశలో అన్న వివరంతో సహా చెప్పారు. పరిశోధన పత్రంలో ఉండవలసినవీ అవే కదా!

అందుచేత అధ్యాపకులకు ఒక మనవి. ప్రతి రికార్డులో ఫెయిలైన ప్రయోగానికి ఒక పేజీ కేటాయించండి. 9.2 వచ్చిందని రాసి, ఎందుకొచ్చిందో వివరించినవాడికి మార్కులు వెయ్యండి. విద్యార్థి మిత్రులారా! రేపు మనలో కొందరు ఇ.సి.ఐ.ఎల్. వంటి సంస్థల్లోనే ఇంజినీర్లు కావచ్చు. "నా యంత్రంలో ఈ లోపం కనిపించింది" అని పై అధికారి ముందు చెప్పగల ధైర్యం ఆనాడు కొత్తగా పుట్టుకురాదు. ఈ ల్యాబులోనే, ఈ రికార్డులోనే అలవాటు కావాలి.