చుట్టుదారికి వకాల్తా

"గంటన్నర దండుగ చేసుకున్నారు మాస్టారూ! ఫోను చెప్పిన దారినే వస్తే ముహూర్తానికి అందుకునేవారు కదా" అన్నాడు బందరులో గృహప్రవేశం చేసుకున్న నా పూర్వశిష్యుడు. భోజనాల వేళకు చేరిన గురువును అంతకన్న మెత్తగా మందలించడం కష్టమే. కాని ఆ "దండుగ" అన్న మాటతో నాకు పేచీ ఉన్నది.

గత మాఘమాసంలో బెజవాడ నుండి మోటారు సైకిలుపై బయలుదేరాను. ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్ళ జనసందోహంలో బండి కదలలేదు. కుడివైపుకు తిరిగి, తోట్లవల్లూరు వద్ద కృష్ణ కరకట్ట ఎక్కాను. వెనుకకు మళ్ళుమని జేబులోని ఫోను వేధిస్తూనే ఉన్నది. కట్టకు ఒకవైపు ఏటి ఇసుక, వేరొకవైపు అరటి, కంద తోటలు. ఒకచోట పసుపు వండుతున్నారు. ఆ ఆవిరి వాసన శిరస్త్రాణం లోనికి సైతం చొరబడింది. అద్దాలు బిగించుకున్న కారువారికి ఆ భాగ్యం ఏది? అట్లా పోగా పోగా శ్రీకాకుళం వచ్చింది. ఉత్తరాన ఉన్న జిల్లా కేంద్రం కాదు. ఘంటసాల మండలంలోని పల్లె, ఆంధ్ర మహావిష్ణువు వెలసిన చోటు.

ముప్పది ఏండ్లు తరగతిలో ఆముక్తమాల్యద పాఠం చెప్పినవాణ్ణి. అదే జిల్లాలో బ్రతుకుతూ ఆ గుడి గడప తొక్కింది ఆనాడే. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది.

కళింగ దండయాత్రకు వెడలిన కృష్ణదేవరాయలు బెజవాడలో కొన్నాళ్ళుండి, ఈ ఊరు వచ్చి, ఏకాదశి ఉపవాసం చేసిన రాత్రి స్వామి కలలో కనబడి తెలుగున కావ్యం చెప్పుమన్నాడని కావ్యావతారికయే చెబుతున్నది. కళింగం ఈశాన్యాన ఉన్నది. ఈ ఊరో, బెజవాడకు దిగువన, సముద్రం వైపు. దండయాత్ర నడుమ రాజంతటివాడు చుట్టుదారి పట్టాడన్నమాట! ఆయన నడుమున నా శిష్యుని ఫోను వ్రేలాడుతూ ఉంటే మనకు ఆ కావ్యం దక్కేదా?

కావ్యం మాత్రం సూటిగా నడిచిందా? గోదాదేవి కథకు ఖాండిక్య కేశిధ్వజులెందుకు, యామునాచార్యుడెందుకు, మాలదాసరి ఎందుకు? సూటిదారి వాదులు వీటన్నిటినీ కొట్టివేయవలసినదే. నేనూ ఒకనాడు ఆ బాపతువాణ్ణే. పిల్లల జవాబు పత్రాల అంచున ఎర్రసిరాతో "అప్రస్తుతం" అని వ్రాసి మార్కులు కోసేవాణ్ణి. అవధానంలో అప్రస్తుత ప్రసంగానికి ప్రత్యేకించి ఒక పృచ్ఛకుణ్ణి కూర్చోబెట్టే జాతిలో పుట్టి కూడా!

రోగిని మోసుకుపోయే బండికీ, వేళకు పనిలో చేరకుంటే కూలి పోగొట్టుకునేవానికీ సూటిదారి కావలసిందే. వారితో నాకు తగవు లేదు. తొందర ఏమీ లేకున్నా తొందరపడేవారితోనే నా తగవంతా. "ఆ గంటన్నర మిగిలితే ఏమి చేసేవాడివోయ్?" అని శిష్యుణ్ణి అడిగాను. కాసేపు ఆలోచించి, "ఏముంది మాస్టారూ, ఫోను చూసుకునేవాణ్ణి" అని నవ్వేశాడు.

తిరుగు ప్రయాణంలో ఘంటసాల మీదుగా వచ్చాను. అక్కడి బౌద్ధస్తూపాన్ని చూసి, ఒక చెట్టునీడన బండి ఆపి, అతని ఇల్లాలు కట్టి ఇచ్చిన అరిసెలు తిన్నాను. ఇల్లు చేరేసరికి బాగా ప్రొద్దుపోయింది. ఈ సంగతి శిష్యునికి ఇంకా చెప్పలేదు.