మంగళ, గురు, శని

జంషెడ్‌పూరు టెల్కో కాలనీలోని ఆ తెలుగువారింట మంగళ, గురు, శనివారాలు తండ్రి డయాలిసిస్‌కే చెల్లు. సారికి నాలుగేసి గంటలు. మిగిలిన నాలుగు రోజులలోనే సంసారమంతా సాగాలి.

కుమార్తె ఇంజినీరింగులో చేరే వేళ వచ్చింది. "ఖర్కాయి దాటితే ఆదిత్యపూర్‌లో 1960 నాటి ఎన్.ఐ.టి. ఉంది కదా, నాన్నా! మీకు దగ్గరగా ఉంటాను" అన్నది.

"నచ్చితే చేరు తల్లీ, నా జబ్బు కోసం మాత్రం వద్దు. వెల్లూరు కూడా చూసి నిర్ణయిద్దాం" అన్నాడాయన.

1984లో ఇంజినీరింగు కళాశాలగా మొదలైన వి.ఐ.టి. వెల్లూరులో ఉంది. 1900లో ఐడా స్కడర్ ఒకే పడకతో బీజం వేసిన క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఆ ఊరిదే. రక్తపరీక్షల కాగితాలు పంపి, అక్కడ మంగళవారం డయాలిసిస్‌కు ముందే ఏర్పాటు చేసుకున్నారు. శనివారం చికిత్స ముగించుకుని, ఆదివారం టాటానగర్‌లో రైలెక్కి, సోమవారం కాట్పాడిలో దిగారు. రెండు చికిత్సల నడుమ ఒంట్లో నీరు చేరుతుంది గనుక, దారిపొడవునా తల్లి మంచినీళ్లు కొలిచి ఇచ్చింది.

బుధవారం కళాశాల చూశారు. ఇంటికి ఎన్ని గంటల ప్రయాణమో కుమార్తె లెక్కిస్తున్నది. చెట్టునీడన కూర్చున్న తండ్రి, గ్రంథాలయం రాత్రి ఎంతవరకు తెరచి ఉంటుందని అడుగుతున్నాడు.