బీరువా తాళం పిల్లల చేతికి

మీ బడిలో లైబ్రరీ ఎక్కడ అని పిల్లల్ని అడిగితే చాలాచోట్ల హెడ్మాస్టరు గది వైపు వేలు చూపిస్తారు. అక్కడో ఇనప బీరువా, దానికో తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో, వాళ్లు ఆ రోజు బడికి వచ్చారో లేదో... ఇక పుస్తకం బయటికొచ్చేదెప్పుడు? కాస్త పెద్ద ప్రైవేటు బడుల్లో ఇంకో తంతు. అద్దాల గది, రంగు రంగుల కుర్చీలు. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రుల్ని తిప్పి చూపించడానికి బాగానే ఉంటుంది. టైంటేబుల్లో వారానికో లైబ్రరీ పీరియడు కూడా ఉంటుంది. పరీక్షలు దగ్గర పడగానే అది కాస్తా లెక్కల పీరియడైపోతుంది.

ఉప్పల్ దాటి వరంగల్ హైవే ఎక్కితే మేడిపల్లి దాకా ఈ రెండు రకాల బడులూ కనిపిస్తాయి. పిల్లల చదువు కోసమే ఊళ్లు వదిలి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు, అద్దెకున్నవాళ్లు ఎందరో. కొత్తగా పెరిగిన శివారుల్లో ఇళ్లు లేచినంత వేగంగా గ్రంథాలయాలు లేవవు. ఇంట్లో పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం లేని పిల్లకు బడి లైబ్రరీయే మొదటి ఆశ, చివరి ఆశ కూడా.

చట్టం చెప్పిందేమిటి?

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలంది. అందులో దినపత్రికలు, మ్యాగజైన్లతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలని విడిగా చెప్పింది. సమగ్ర శిక్ష పథకంలో ప్రభుత్వ బడులకు స్థాయిని బట్టి ఏడాదికి 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 5న ఒకటి నుంచి తొమ్మిదో తరగతి దాకా వంద రోజుల పఠన కార్యక్రమం మొదలుపెట్టింది. మంచి పనే. అయితే నూట ఒకటో రోజున ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. పుస్తకాలు మళ్లీ బీరువాలోకి వెళ్తే వంద రోజుల శ్రమా వాటితో పాటే లోపలికి వెళ్లినట్టే.

మన పెద్దలు చేసిందిదే

పాఠకుడు వచ్చేదాకా కూచోకుండా అతని దగ్గరికే పుస్తకాన్ని తీసుకెళ్లడం మనవాళ్లకు కొత్తేం కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. అయ్యంకి వెంకట రమణయ్య లాంటివాళ్లు ఊరూరా గ్రంథాలయాల కోసం తిరిగారు. పాతూరి నాగభూషణం 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. కాలవ మీద పుస్తకం ప్రయాణం చేసిన నేల మీద, హెడ్మాస్టరు గది నుంచి ఆరో తరగతి దాకా అది నడవలేకపోతోంది!

ఏం చేయొచ్చు?

పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. మొదటిది పది నిమిషాల చదువు. రోజూ ప్రార్థన కాగానే బడి మొత్తం పుస్తకం పట్టుకోవాలి. పిల్లలే కాదు... హెడ్మాస్టరు, ఆఫీసులో గుమాస్తా, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా. సారు చదవడం కళ్లారా చూసిన పిల్లలకు చదవమని వేరే చెప్పే పని ఉండదు.

రెండోది చదివి వినిపించడం. చిన్న తరగతులకు టీచరు గానీ, ఎనిమిదో తరగతి అక్క గానీ కథ చదవాలి. రాక్షసుడు తలుపు కొట్టే చోట టక్కున పుస్తకం మూసేసి, మిగతాది రేపు అనాలి. ఆ రేపటిదాకా ఆగలేని వాళ్లు బీరువా దగ్గరికి వాళ్లంతట వాళ్లే వస్తారు.

మూడోది చీటీ. పుస్తకం చదివాక సారాంశం రాయమంటే ఆ పుస్తకం కూడా హోంవర్కే అయిపోతుంది. దాని బదులు వెనక అట్ట లోపల ఒక తెల్లకాగితం అంటించి, చదివినవాళ్లు ఒక్క వాక్యం రాయాలన్నది నియమం. నచ్చలేదని కూడా రాయొచ్చు. ముందు చదివినవాళ్లు ఏమన్నారో చూడ్డానికే కొందరు పుస్తకం తెరుస్తారు.

నాలుగోది క్రికెట్ బల్ల. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న వారం లైబ్రరీలో ఒక బల్ల దానికే ఇచ్చేయాలి. ఆటగాళ్ల జీవిత కథలు, పేపర్లో ఆటల పేజీ, ఆడే జట్లు ఎక్కడివో చూసుకోవడానికి అట్లాసు, బంతి ఎందుకు తిరుగుతుందో చెప్పే సైన్సు పుస్తకం. పుస్తకమంటే ఆమడ దూరం పారిపోయే కుర్రాడు కూడా ఆ బల్ల చుట్టూ ఒకసారి తిరగకుండా ఉండలేడు.

ఐదోది మనిషే పుస్తకం. 2000లో డెన్మార్క్‌లో మొదలైన ఈ పద్ధతి 2017లో హైదరాబాద్‌కూ వచ్చింది. ఒక మనిషిని పుస్తకంలా కాసేపు అరువు తీసుకుని, అడగాల్సినవన్నీ అడగడమే. బడికి తగ్గట్టు మార్చుకుంటే నెలకో శనివారం చాలు. ఈ నేల మీద వరి పండించిన తాత, నాచారం ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మామ, అపార్ట్‌మెంట్ పనికి ఒడిశా నుంచి వచ్చిన మేస్త్రీ, హబ్సిగూడ సీసీఎంబీలో పనిచేసే శాస్త్రవేత్త... ఒక్కొక్కరి చుట్టూ ఐదుగురు పిల్లలు, పావుగంట ప్రశ్నలు.

అలా విన్నవి రాసి, బొమ్మలు వేసి, పదహారు పేజీలు కుట్టేస్తే అదే 'మన మేడిపల్లి'. దానికి బడి ముద్ర వేసి, రిజిస్టర్లో నంబరిచ్చి మిగతా పుస్తకాల పక్కనే పెట్టాలి. తన పేరున్న పుస్తకం లైబ్రరీలో ఉంటే ఏ పిల్లయినా నలుగురిని పిలుచుకొచ్చి చూపిస్తుంది.

ఏ భాషలో?

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. రెండింట్లోనూ తడబడే పిల్లలకు లైబ్రరీయే ఊతం. తార్నాకలోని మంచి పుస్తకం సంస్థ చిన్న చిన్న తెలుగు పుస్తకాలు తెస్తోంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా దొరుకుతాయి. ఒకే కథను రెండు భాషల్లో పక్కపక్కన పెడితే తెలిసిన భాష చెయ్యి పట్టుకుని తెలియని భాషలోకి నడిపిస్తుంది.

పోతే పోనీ

ఇన్ని తెలిసినా బీరువా ఎందుకు తెరుచుకోదు? టీచర్లకు ఇష్టం లేక కాదు, భయం వల్ల. తనిఖీలో ఒక పుస్తకం తగ్గితే సంజాయిషీ ఎవరివ్వాలి? చిరిగితే డబ్బెవరు కట్టాలి? ఈ భయం పోనంత కాలం ఏ కార్యక్రమమైనా ఫొటోల వరకే. ఏటా కొన్ని చిరుగుతాయి, కొన్ని పోతాయని ప్రభుత్వమైనా, యాజమాన్యమైనా ముందే ఒప్పుకుని, టీచరుకు ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వాలి. పదేళ్లయినా నలగని పుస్తకాన్ని చూసి బాధపడాలి గానీ, చిరిగినదాన్ని చూసి కాదు.

ఆ తర్వాత తాళంచెవి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల కమిటీకి ఇచ్చి చూడండి. నెలకో జట్టు. పుస్తకాలు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, రిజిస్టరు రాయడం, చిరిగిన పేజీకి జిగురు పెట్టడం అన్నీ వాళ్లే. తమదనుకున్న వస్తువును పిల్లలు ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో పెన్సిలు పోగొట్టుకున్న పిల్లాణ్ణి అడిగితే తెలుస్తుంది. తల్లిదండ్రులూ ఒక పని చేయొచ్చు. ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఇంకో ప్రశ్న అడగండి: ‘మా వాడు ఈ నెల ఇంటికి ఏ పుస్తకం తెచ్చుకున్నాడు?’