కాన్పు తేదీ - ముహూర్తము



గతమాసమున బౌద్ధనగర్‌లో మా పొరుగింట సీమంతమునకు పోయితిని. పేరంటాండ్రలో పెద్దామె యొకరు పంచాంగము చేతబట్టి, “డాక్టరమ్మ చెప్పిననాడు నక్షత్రము మంచిది కాదు. పదిదినములు ముందుగా కోయించినచో బాగుండును గదా!” అనిరి. గర్భిణి తలవంచుకొని యూరకుండెను. ఆ మాటయే ఈ నెల నాచే ఇది వ్రాయించుచున్నది.

క్షణము తప్పక లెక్కకట్టి పయనించు వ్యోమగాముల యిండ్లలోనే కాన్పు లెక్క యాత్ర లెక్కకు కుదురుట లేదు. అమెరికా వ్యోమగామి మైక్ ఫింకెగారి భార్య అస్సామీ కుటుంబపు ఆడపడుచు. 2004 ఏప్రిల్‌లో ఆమె ఏడెనిమిది నెలల గర్భవతిగా నుండగా ఆయన అంతరిక్షకేంద్రమునకు పోవలసివచ్చెను. జూన్ 18న ఆడుబిడ్డ పుట్టెను. తండ్రి భూమికి దిగివచ్చినది అక్టోబరులో. అప్పటికి పాపకు నాలుగుమాసములు నిండినవి. 2009 నవంబరు 21న రాండీ బ్రెస్నిక్‌గారు నౌక వెలుపలికి వచ్చి శూన్యములో పనిచేసిరి. ఆ రాత్రియే హ్యూస్టనులో ఆయనకు కుమార్తె కలిగెను.

అసలు వైద్యులు చెప్పు తేదీ ఎట్లు వచ్చుచున్నది? కడపటి బహిష్టు మొదటిదినము నుండి 280 దినములు లెక్కింతురు. సులభముగా చెప్పవలెనన్న, ఆ దినమునకు తొమ్మిది నెలలును ఏడు దినములును కలుపవలెను. జనవరి 1 అయినచో అక్టోబరు 8 వచ్చును. బహిష్టు ఇరువదియెనిమిది దినముల కొకసారి క్రమముగా వచ్చువారికే ఈ లెక్క సరిపడును. తక్కినవారికి మొదటి మూడునెలలలో తీయించు స్కానింగు మేలు. ఎంత సరిగా కట్టినను చెప్పిన దినముననే ప్రసవించువారు నూటికి సుమారు అయిదుగురే. కావున అది అంచనాయే గాని లగ్నపత్రిక కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమునందలి కాన్పులలో నూటికి 60.7 శస్త్రచికిత్సచే జరిగినట్లు తేలినది. ఇవన్నియు ముహూర్తమునకై చేసినవి కావు. అవసరమైనచోట ఆ కోతయే తల్లిబిడ్డల ప్రాణము నిలుపును. అప్పుడు వైద్యుల మాట కాదనరాదు. నక్షత్రము కొరకు తొందరపడుట మాత్రము తగదు. ముప్పదితొమ్మిది వారములు నిండకమునుపు కోయించినచో బిడ్డకు ఊపిరి యాడుటలో ఇబ్బంది కలుగు భయము హెచ్చు.

మన భర్తలు అంతరిక్షమునకు పోకున్నను, ఉద్యోగమునకై దుబాయికో, సరిహద్దుకో పోవువారు గలరు. అట్టి యింట ఎనిమిదవ నెలలోనే తోడుండువారిని, ఆసుపత్రిని, బండిని, డబ్బును ఏర్పరచుకొనవలెను. ఉమ్మనీరు పోయినను, రక్తము కనబడినను, బిడ్డ కదలిక తగ్గినను క్షణమాగక పోవలెను. చెప్పిన తేదీ దాటినచో ఇంట కూర్చుండక వైద్యులను అడుగవలెను.

నాడు ఆ పెద్దామెతో, “పంచాంగము దాచియుంచుడమ్మా! బిడ్డ పుట్టిన పిదప నక్షత్రము చూచి పేరు పెట్టుకొందము” అంటిని. ఆమె నవ్వి పుస్తకము మూసిరి. గర్భిణి తలయెత్తి నావంక చూచెను.