స్పీకర్లా, వ్యానా?

బౌషర్ క్యాంపుల్లోని మన తెలుగు విశ్వాసులకు దగ్గరలో ఉన్నది ఘలా చర్చి కాంపౌండే. సుల్తాన్ ఖాబూస్ కాలంలో ఇచ్చిన స్థలం. ఒక భాషవాళ్ళు లేచాక ఇంకో భాషవాళ్ళు కూర్చోవాలి. హాలు మన సొంతం కాదు, మనకిచ్చిన గంటలే మనవి. క్యాంపు గదిలో కూటం పెట్టుకుందామంటే ఇక్కడి చట్టం ఒప్పుకోదు.

ఇప్పుడు కొత్త స్పీకర్లకు చందా అంటున్నారు. మంచిదే. కానీ మనది కూలి అన్నదమ్ముల మధ్య పరిచర్య అని చెప్పుకుంటాం కదా! శుక్రవారం కూడా మధ్యాహ్నం దాకా ఓవర్‌టైం చేసినవాడు టాక్సీకి రానూపోనూ ఎక్కడ తెస్తాడు? వాడు క్యాంపులోనే ఉండిపోతే ఆ స్పీకర్లు ఎవరికి వినిపించాలి?

ముందు వ్యాను మాట్లాడదాం. మన వేళ సాయంత్రానికి మార్చమని అడుగుదాం. ఎండన పడి వచ్చినవాడికి చల్లటి మంచినీళ్ళు, కూర్చోను కాస్త నీడ ఉండాలి. వచ్చే కమిటీ మీటింగులో నేను అడిగేది ఇదే.