సావిత్రిని సాగదీయకండి!

ఆమధ్య జూబిలీహిల్స్‌లో ఒక స్నేహితురాలి గృహప్రవేశానికి వెళ్ళాం, మా అమ్మా నేనూ. ఇల్లు బ్రహ్మాండంగా వుంది. దేవుడి గది చిన్నది, సినిమా గది పెద్దది. పక్కనే ఫిలింనగర్ కదా, ఆ గాలి సోకిన ఇళ్ళలో అంతే కాబోలు అనుకున్నాను. గోడ పట్టేంత టీవీ, నాలుగు మూలలా స్పీకర్లు, పడక్కుర్చీలు. భోజనాలయ్యాక స్నేహితురాలి భర్త, పెద్దావిడ మీద గౌరవం కొద్దీ, "పిన్నిగారూ, మీకోసం పాత సినిమా వేస్తానుండండి" అని 'మాయాబజార్' డీవీడీ పెట్టాడు.

అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, పమిట సర్దుకుని కూర్చుంది. చిన్నతనంలో టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని చూసిన సినిమా ఆవిడకది. ఓ అయిదు నిమిషాలు చూసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "ఇదేమిటే, సావిత్రిని ఎవరో అప్పడాల కర్రతో వత్తినట్టుందీ!" అంది.

చెవిలో చెప్పినా అందరికీ వినబడింది. ఆయన నొచ్చుకుని రిమోటు అందుకున్నాడు. వెలుగు పెంచాడు. పదును పెంచాడు. సావిత్రి మొహం ఇంకాస్త తెల్లబడి, చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు ఒక గీత తేలింది. "లక్షలు పోసి కొన్న సెట్టండీ" అన్నాడు పాపం, తప్పు సెట్టుది కాదన్నట్టు. నిజమే, తప్పు సెట్టుది కాదు. మరెవరిదో చెప్పాలనే ఈ గొడవంతా.

ముగ్గు తెలియని ఆడవాళ్ళుండరు కాబట్టి ముగ్గుతోనే చెబుతాను. టీవీలో బొమ్మ కూడా చుక్కల ముగ్గే. మన దేశపు పద్ధతిలో తయారైన డీవీడీలో అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576. మొత్తం 4,14,720. అమెరికా పద్ధతిదైతే నిలువు 480 మాత్రమే, ఇంకా తక్కువ. ఇక ఇప్పుడు '4కె' అని అమ్ముతున్న టీవీలో అడ్డంగా 3840, నిలువుగా 2160. మొత్తం 82,94,400. భాగించి చూసుకోండి, సరిగ్గా 20 రెట్లు! అంటే తెర నిండా బొమ్మ పరిస్తే, ప్రతి 20 చుక్కల్లోనూ డిస్కు ఇచ్చింది ఒక్కటే. తక్కిన 19 చుక్కలూ టీవీ ఇరుగు పొరుగు చుక్కల్ని చూసి ఊహించి పెట్టినవే. దీనికే 'అప్‌స్కేలింగ్' అని పేరు. మంచి టీవీ మంచిగా ఊహిస్తుంది, నాసి టీవీ నాసిగా ఊహిస్తుంది. ఎంత ఊహించినా లేని కనురెప్ప వెంట్రుకని తెచ్చి పెట్టలేదు. పిండి కొద్దీ రొట్టె. గరిటెడు పిండిని గంగాళం మూత మీద అట్టు పోస్తే చిల్లులు పడక ఏమవుతుంది?

మన బీరువాల్లో వున్నవాటిలో సగం డీవీడీలు కూడా కావు, వీసీడీలు. వాటి చుక్కలు 352, 288. డీవీడీలో నాలుగో వంతు. ఆ గరిటె సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంకో చిక్కుంది. పాత గాజు గొట్టం టీవీ బొమ్మంతా ఒక్కసారిగా గీసేది కాదు. ఒక విడత బేసి గీతలు, మరో విడత సరి గీతలు. పాత డీవీడీలు చాలామటుకు ఆ లెక్కకే తయారయ్యాయి. కొత్త టీవీ ఆ రెండు పాయల్నీ జడ అల్లినట్టు అల్లుకోవాలి. అల్లిక కుదరకపోతే ఘటోత్కచుడు గద తిప్పినప్పుడల్లా గద అంచున దువ్వెన పళ్ళు మొలుస్తాయి.

ఇంతవరకూ యంత్రాల గొడవ. దానికి నేనెవర్నీ తప్పు పట్టను. నా కోపమల్లా మన చేతులారా చేస్తున్న దాని మీద.

ఆనాటి సినిమా తెర ఆకారం ఇంచుమించు 4 పాళ్ళ వెడల్పుకి 3 పాళ్ళ ఎత్తు. ఇప్పటి టీవీ 16కి 9. పాత బొమ్మని దీనిమీద వేస్తే అటూ ఇటూ నల్లటి ఖాళీ మిగలాలి. అది న్యాయం. కానీ డబ్బు పోసి కొన్న తెరలో ఖాళీ వుండటమా! మన మగవాళ్ళు ఒప్పుకోరు. ఊరికి దూరంగా కొన్న స్థలంలో ప్రతి గజానికీ ప్రహరీ కట్టినట్టు, తెర అంచుదాకా బొమ్మని లాగుతారు. లాగితే ప్రతి మనిషీ మూడో వంతు వెడల్పెక్కుతాడు. పోనీ లాగకుండా పెద్దది చేశారనుకోండి, పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగో వంతు తెగిపోతుంది. కిరీటాలు పోతాయి, పాదాలు పోతాయి.

ఇందులో నవ్వుకోవడానికేం లేదు. సావిత్రి చివరి రోజుల్లో ఆమె ఒళ్ళు గురించి లోకం ఎన్ని మాటలందో మన పెద్దవాళ్ళకి తెలుసు. 1981లో ఆమె వెళ్ళిపోయింది. మిగిలింది ఆ మొహమూ, ఆ కళ్ళూ. 1957లో మార్కస్ బార్ట్లే కెమెరా వెనక నిలబడి, ఏ దీపం ఎక్కడ పెడితే ఆ చెంప ఎలా వెలుగుతుందో చూసి చూసి తీసిన మొహం అది. దాన్ని మనం నట్టింట్లో కూర్చుని ఒక మీట నొక్కి మూడో వంతు లావు చేస్తున్నాం. అడిగితే "తెర నిండింది కదా" అంటాం!

ఆ సినిమాలో ఒక చోట శశిరేఖ శశిరేఖ కాదు, ఆమె రూపంలో వున్న ఘటోత్కచుడు. ఆడపిల్ల చీరలో రాక్షసుడి ధీమా. ఒక కనుబొమ, ఒక పెదవి వంకర, ఒక మెడ విరుపు, వీటితోనే సావిత్రి ఎస్.వి. రంగారావుని చూపించింది. టీవీలో మచ్చలు తుడిచే మీట ఒకటుంటుంది. మరీ ఎక్కువ పెడితే అది మచ్చతో పాటు ఈ కనుబొమ విరుపుని కూడా తుడిచేస్తుంది. మొహం మైనపు బొమ్మ మొహమవుతుంది. అంత ఖరీదు పెట్టి ఆమె నటన చెరిపించుకోవడం ఏం తెలివండీ?

"అయితే ఏం చెయ్యమంటారు, సెట్టు తీసుకెళ్ళి మూసీలో పారెయ్యమంటారా?" అని మీవారు అడగవచ్చు. అక్కర్లేదు. రిమోటు ఒక్క పూట మీ చేతికిమ్మనండి.

మొదట బొమ్మ ఆకారం 4:3లో పెట్టండి. నల్లటి ఖాళీకి భయపడకండి, పుస్తకానికి మార్జిను లేదూ? రెండోది, కొట్లో పెట్టిచ్చిన 'వివిడ్' తీసేసి 'సినిమా' అన్నది పెట్టండి. చీరల కొట్లో దీపాల కింద చూసిన రంగు ఇంటికొస్తే వుండదని మనకి ఒకరు చెప్పాలా? ఆ మెరుపు కొట్టు కోసం పెట్టింది, ఇంటి కోసం కాదు. మూడోది, పదును తగ్గించండి. కదలికని నున్నగా చేసే మీట వుంటే ఆపేయండి, దానివల్లే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. నాలుగోది, పసుపుపచ్చ పిన్ను వైరు మానేసి, ప్లేయరుకి వీలుంటే హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి. అయిదోది, డిస్కుని గుండ్రంగా తుడవకండి, మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడవండి. చివరగా, కుర్చీ నాలుగడుగులు వెనక్కి జరపండి. పాత బొమ్మ పెద్దావిడ లాంటిది. మరీ మొహంలో మొహం పెట్టి చూడటం మర్యాద కాదు.

ఇంత చేసినా పిండి కొద్దీ రొట్టే. అందుకే అసలు మాట ఇప్పుడంటాను. పిండి లేకపోలేదు, మనదాకా రాలేదంతే. ఆనాటి సినిమాలు తీసింది 35 మిల్లీమీటర్ల ఫిలిం మీద. అందులో వుండే సూక్ష్మం డీవీడీలో పట్టేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. నెగెటివు చెడకుండా వుంటే ఇవాళ్టి 4కె తెరకీ చాలుతుంది. కుండ నిండా పాలుండగా మనకి ఉద్ధరిణెడు తీర్థం పోశారు. అదీ అరిగిపోయిన ప్రింటునుంచి ఎత్తి, మూల మీద కంపెనీ ముద్ర కొట్టి.

మరి ఈ కొండమీద ఎవరున్నారు? 1976లో అన్నపూర్ణా స్టూడియో వచ్చింది. తర్వాత రామానాయుడు స్టూడియో వచ్చింది. మద్రాసునుంచి తెలుగు సినిమా నడిచొచ్చి ఈ రాళ్ళ మధ్య కాపురం పెట్టింది. కొత్త సినిమాకి కోట్లు పోస్తున్నారు, సంతోషం. అమ్మమ్మ నగలు మెరుగు పెట్టించడానికి మాత్రం చెయ్యి రాదు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద', 1932 నాటిది, ఇవాళ చూద్దామంటే ప్రింటు మిగలలేదు. ఆ ఒక్క దెబ్బ చాలలేదా?

ఏమీ చెయ్యలేదనను. 2010లో 'మాయాబజార్'కి రంగులద్ది విడుదల చేశారు. పిల్లలు థియేటరుకి వెళ్ళి చూశారు, కాదనను. అయితే అక్కడా తెర ఆకారం సినిమాస్కోపుకి మార్చారు. తెలుగులో సినిమాస్కోపు వచ్చిందే 1974లో, 'అల్లూరి సీతారామరాజు'తో. 1957 నాటి బొమ్మకి ఆ చొక్కా ఎందుకు తొడగాలి? ఉన్న నలుపు తెలుపుల్ని ఉన్నట్టు శుభ్రం చేసి ఇస్తే చాలు కదా! 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావుగారి శతజయంతికి ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ వారు ఆయన సినిమాలు పది, 25 నగరాల్లో థియేటర్లలో వేశారు. 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజార్' అన్నీ వున్నాయి అందులో. పూనుకుంటే జరుగుతుందన్నమాట. ఆ పూనిక శతజయంతులకే ఎందుకు? మా అమ్మలాంటి వాళ్ళు వందేళ్ళకోసారి వచ్చే పండగ దాకా ఆగగలరా?

ఆ రోజు చివరికి రిమోటు నేనే తీసుకుని బొమ్మని దాని ఆకారంలో పెట్టాను. అటూ ఇటూ నలుపు వచ్చింది. ఆ యింటాయన మొహం కూడా కాస్త నల్లబడింది. అమ్మ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "ఆఁ, ఇదీ సావిత్రంటే" అంది.

ఆ సినిమాలోనే ప్రియదర్శిని అని ఒక పెట్టె వుంది, గుర్తుందా? మూత తెరిస్తే ఎవరికేది ప్రాణమో అదే కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు, రేవతికి నగలు కనిపించాయి. ఈ కొండమీది పెద్దలంతా ఒక్కసారి ఆ పెట్టె తెరిస్తే ఏం కనిపిస్తుందో నాకు చూడాలని వుంది. సావిత్రి కనిపిస్తే సరే. రేవతికి కనిపించినవే కనిపిస్తే మాత్రం, మన గోడల మీద ఎంత పెద్ద టీవీలు తగిలించుకున్నా లాభం లేదు.